డాక్టరుకు పడే స్టార్లు వైద్యానికి కొలత కావు

ఫోన్లో కనిపించే స్టార్లను బట్టి డాక్టరు మంచిచెడ్డలు తేల్చుకోవచ్చన్న నమ్మకం నగరాల్లో బలంగా పాతుకుపోయింది. విశాఖపట్నంలో రామ్‌నగర్ ఆసుపత్రుల వీధికి వెళ్లినా, గాజువాక క్లినిక్కులకు వెళ్లినా, ఆరిలోవ దగ్గరి హెల్త్ సిటీకి వెళ్లినా, రోగి వెంట వచ్చే కొడుకో కూతురో బయలుదేరే ముందు గూగుల్ మ్యాప్స్‌లో ఆ డాక్టరు పేరు పక్కనున్న అంకె చూస్తారు. 4.8 ఉంటే అపాయింట్‌మెంటు తీసుకుంటారు. 3.6 ఉంటే ఇంకొకరిని వెతుకుతారు. ప్రాక్టో, జస్ట్‌డయల్ వంటి సంస్థలు కూడా డాక్టర్లను ఇలాగే వరుసలో నిలబెడుతున్నాయి.

ఈ నమ్మకంలో మూడు మెట్లున్నాయి. వైద్యం చేయించుకున్నవాడి మాటకు మించిన సాక్ష్యం లేదన్నది మొదటిది. డాక్టరు ఓపిక, చదువు, అనుభవం, మాటతీరు ఆ సాక్ష్యంలో స్టార్ల రూపంలో బయటపడతాయన్నది రెండోది. కాబట్టి స్టార్లు ఎక్కువున్నచోట వైద్యం మేలుగా ఉంటుందన్నది మూడోది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోదానిలో ఉన్న నిజం చాలా తక్కువ. మూడోది తప్పు. ఆ తప్పు మీద ఆధారపడి మనుషులు గుండె ఆపరేషన్లకూ కాన్పులకూ డాక్టర్లను ఎంచుకుంటున్నారు కాబట్టి దాన్ని వివరంగా ఖండించాలి.

రాసేది ఎవరు, రాయనిది ఎవరు

స్టార్ల సగటు ఎవరి అభిప్రాయమో ముందు తేలాలి. విశాఖలో వైద్యానికి పెద్ద దిక్కు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్). 1923లో ఆంధ్ర వైద్య కళాశాలతో పాటు మొదలైన ఈ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఉత్తరాంధ్ర అంతా వస్తుంది. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు పల్లెల నుంచీ రోగులు వస్తారు. ఉద్దానం కిడ్నీ రోగులు, పాడేరు, అరకు ఏజెన్సీలో సికిల్ సెల్ రక్తహీనతతో బాధపడే గిరిజనులు, ముదిరిన మలేరియా కేసులు, జాతీయ రహదారి ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారు, పురుగుమందు తాగినవారు చేరేది ఇక్కడికే. ప్రైవేటులో డబ్బయిపోయాక తీసుకొచ్చే కేసులూ ఇక్కడికే వస్తాయి.

ఈ రోగుల్లో అత్యధికులు స్టార్లు ఇవ్వరు. 2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగినా, ఆ తేడా మాసిపోయిందనుకోవడానికి వీల్లేదు. వాట్సాప్ చూడడం వేరు, ఆసుపత్రి పేజీ తెరిచి నాలుగు వాక్యాలు రాయడం వేరు. ప్రసూతి, స్త్రీరోగాల డాక్టర్లను చూసేది మహిళలే అయినా, ఫోను తరచు భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. ఆమె అనుభవాన్ని రాసేది ఆమె కాకపోవచ్చు.

ప్రభుత్వాసుపత్రిలో రోగిని చూసేది ఒకే డాక్టరు కాదు. ఓపీ చీటీ మీద యూనిట్ ఉంటుంది. ఆ యూనిట్లో ప్రొఫెసరు, అసిస్టెంటు ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు ఉంటారు. రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో ప్రాణం నిలబెట్టిన పీజీ పేరు రోగి బంధువులకు తెలియదు. అందువల్ల అభిప్రాయమంతా ఆసుపత్రి అనే ఒకే పేరు మీద పడుతుంది. అందులో క్యూ, స్ట్రెచర్ దొరకకపోవడం, మరుగుదొడ్ల పరిస్థితి, బళ్లు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం కలిసిపోతాయి. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వందలమంది ఊపిరాడని స్థితిలో కేజీహెచ్‌కు చేరారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ల పనితనం ఏ రేటింగులోనూ లేదు.

కార్మికుల పరిస్థితీ ఇంతే. ఉక్కు కర్మాగారం ఉద్యోగులు ఉక్కునగరంలోని స్టీల్ జనరల్ ఆసుపత్రికి, పోర్టు ఉద్యోగులు సాలగ్రామపురంలోని గోల్డెన్ జూబిలీ ఆసుపత్రికి, నౌకాదళ కుటుంబాలు ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికి, బీమా కార్మికులు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళతారు. వారిని అక్కడికి పంపేది ఉద్యోగ హక్కు. స్టార్లతో పనిలేదు కాబట్టి రాయాల్సిన అవసరమూ వారికి తక్కువే. రేవు, ఉక్కు మీద నిలబడిన నగరంలో ఆ రెంటి కార్మికుల వైద్యానుభవమే స్టార్ల లెక్కలోకి సరిగా రావడం లేదు.

రోగాన్ని బట్టి కూడా మౌనం ఉంటుంది. క్షయ వచ్చినవాడు ఛాతీ ఆసుపత్రి డాక్టరును మెచ్చుకుంటూ తన పేరుతో రాయడు. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో కోలుకున్న యువకుడి ఇంట్లోవాళ్లు ఆ సంగతి పెళ్లిచూపుల ముందు బయటపెట్టరు. హెచ్ఐవి, మద్యం వ్యసనం, సంతానలేమి చికిత్సలూ ఇంతే. కంటిశుక్లం తీయించుకున్నవారు, పళ్లు సరిచేయించుకున్నవారు ధైర్యంగా రాస్తారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల డాక్టరు చేయగలిగినదంతా చేసినా కొందరు రోగులు దక్కరు. ఆ కుటుంబాల దుఃఖం రేటింగుగా మారితే అది డాక్టరు నైపుణ్యానికి లెక్క కాదు. అనెస్తీషియా ఇచ్చేవారు, పాథాలజిస్టులు, రేడియాలజిస్టులు రోగికి దాదాపు కనిపించరు. ప్రాణం వారి చేతిలో ఉన్నా వారికి పడే స్టార్లు చాలా తక్కువ.

ఇన్ని మినహాయింపులు పోగా మిగిలేది ఫీజు కట్టి, స్మార్ట్‌ఫోను వాడుతూ, ఇంగ్లీషులోనో ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనో రాయగలిగిన వర్గం. అందులోనూ ఎక్కువ రాసేది బాగా సంతోషించినవారు, బాగా కోపం వచ్చినవారు. లెక్క వేసి చూస్తే ఈ సాక్ష్యం ఎంత పలచనో అర్థమవుతుంది. రోజుకు 40 మందిని ఏడాదికి 300 రోజులు చూసే డాక్టరు ఐదేళ్లలో 60,000 సార్లు రోగులను చూస్తాడు. అతనికి 60 రివ్యూలు ఉంటే వెయ్యికి ఒక్కటి మాత్రమే రాతలోకి వచ్చినట్టు. పది రివ్యూల్లో తొమ్మిది ఐదు స్టార్లు, ఒకటి ఒక స్టారు అయితే సగటు 4.6. మరొక్కరు ఒక స్టారు ఇస్తే అది 4.3కు పడిపోతుంది. ఆ ఒక్కరి కోపానికి కారణం రిసెప్షన్‌లో జరిగిన గొడవ కావచ్చు. అంకె మాత్రం డాక్టరు పేరు మీదే మారుతుంది.

వయసు, లింగం, చదువు, భాష

డాక్టరు వ్యక్తిగత లక్షణాలకూ స్టార్లకూ ఉన్న సంబంధం మీద విదేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, విస్తృతంగా అధ్యయనాలు జరిగాయి. 2012లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన 2005 నుంచి 2010 వరకు రేట్‌ఎండీస్ అనే సంస్థకు వచ్చిన 3,86,000 రేటింగులను విశ్లేషించింది. 2010 నాటికి ఆ దేశంలో ప్రాక్టీసు చేస్తున్న ప్రతి ఆరుగురు డాక్టర్లలో ఒకరికి కనీసం ఒక రేటింగు ఉంది. సగటు 5కు 3.93. దాదాపు సగం మందికి పూర్తి మార్కులు పడ్డాయి. స్పెషాలిటీ బోర్డు ధ్రువీకరణ ఉన్నవారికి, పేరున్న కాలేజీల్లో చదివినవారికి కాస్త ఎక్కువ స్టార్లు వచ్చాయి. ఈ ముక్కను చూపి స్టార్లు నాణ్యతను పట్టిస్తాయని వాదించేవారున్నారు. ఆ తేడా మాత్రం ఎంతో స్వల్పం. వేలమందిని కలిపితేనే కనబడే తేడా అది. ఇద్దరు డాక్టర్లలో ఒకరిని ఎంచుకోవలసిన రోగికి అది పనికిరాదు.

వయసు సంగతి ఇంకా స్పష్టం. అమెరికా పరిశీలనల్లో సాధారణంగా చిన్న వయసు డాక్టర్లకు కాస్త ఎక్కువ స్టార్లు పడ్డాయి. దీన్ని చూసి యువ డాక్టర్లే మేలు అనుకుంటే పొరపాటు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అధ్యయనం అమెరికా ఆసుపత్రుల్లో చేరిన వృద్ధ రోగులను పరిశీలించింది. 40 ఏళ్ల లోపు డాక్టర్లు చూసినవారిలో 30 రోజుల మరణాలు 10.8 శాతం, 60 దాటిన డాక్టర్లు చూసినవారిలో 12.1 శాతం. అయితే రోగులను ఎక్కువ సంఖ్యలో చూసే డాక్టర్లలో వయసును బట్టి తేడా కనబడలేదు. అసలు విషయం వయసు కాదని, అలవాటు తప్పని చేయి అని దాని సారాంశం. ఏడాదిలో ఎన్ని కేసులు చూశాడన్న ఆ ముఖ్యమైన సమాచారాన్ని ఏ స్టారూ చెప్పదు.

మహిళా డాక్టర్ల విషయంలో స్టార్ల అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం మహిళా డాక్టర్లు ఒక్కో రోగితో సగటున రెండు నిమిషాలు ఎక్కువ గడుపుతారు. రోగి మనసులోని మాట అడిగి తెలుసుకోవడమూ వారిలోనే ఎక్కువ. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో మహిళా ఫిజీషియన్లు చూసిన వృద్ధ రోగుల్లో 30 రోజుల మరణాలు 11.07 శాతం, పురుషులు చూసినవారిలో 11.49 శాతం. అయినా రోగుల సంతృప్తిని కొలిచిన అధ్యయనాలన్నిటినీ 2011లో కలిపి చూసినప్పుడు ఇద్దరి మధ్య తేడా నామమాత్రంగా తేలింది. ఎక్కువ సమయం, ఎక్కువ శ్రద్ధ ఇచ్చినవారికి దానికి తగ్గ మెప్పు రాలేదు. ఆడ డాక్టరు ఓపిగ్గా వినడం ఆమె సహజ ధర్మమని, మగ డాక్టరు అదే పని చేస్తే గొప్పతనమని సమాజం అనుకున్నంతకాలం స్టార్లు ఈ పక్షపాతాన్నే లెక్కగట్టి చూపుతాయి. ఆడ డాక్టరు కాస్త గట్టిగా మాట్లాడితే పొగరు అని రాస్తారు. అదే గొంతును మగ డాక్టరులో ఆత్మవిశ్వాసం అంటారు.

భాష, యాస, కుటుంబ నేపథ్యం కూడా పనిచేస్తాయి. విశాఖలో డాక్టరు ముందుకు శ్రీకాకుళం యాసలో మాట్లాడే జాలరి, హిందీ మాట్లాడే నౌకాదళ కుటుంబం, ఒడియా మాట్లాడే కూలీ ఒకే పూట రావచ్చు. ఆ జాలరికి అర్థమయ్యేలా, అతని యాసలోనే మందుల చీటీ వివరించే డాక్టరు గొప్ప పని చేస్తున్నాడు. ఆ జాలరి రాయడు. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడే డాక్టరుకు ఇంగ్లీషులో రాసేవారి మెప్పు దొరుకుతుంది. డాక్టరు ఇంటిపేరును బట్టి, కులాన్ని బట్టి, సొంత ఊరిని బట్టి ముందే నమ్మకమో అపనమ్మకమో పెట్టుకుని వచ్చేవారూ ఉన్నారని ఆంధ్రలో అందరికీ తెలుసు. రేటింగు ఆ ముందస్తు భావాన్ని కడిగివేయదు. దాన్ని దశాంశ అంకెగా మార్చి, నిష్పాక్షికమైన లెక్కలా చూపుతుంది.

ప్రాణం నిలిచిందా అన్న ప్రశ్నతో పోలిస్తే

స్టార్లకు విలువ ఉందా లేదా తేల్చడానికి ఒకే దారి ఉంది. వాటిని వైద్య ఫలితాల పక్కన పెట్టి చూడాలి. 2016లో అలాంటి పరిశీలన ఒకటి వెలువడింది. గుండె శస్త్రచికిత్స చేసే డాక్టర్ల మరణాల రేటును ప్రభుత్వమే బహిరంగంగా ప్రకటించే ఐదు అమెరికా రాష్ట్రాల్లోని 614 మంది సర్జన్లను తీసుకున్నారు. రోగుల తీవ్రతను లెక్కలోకి తీసుకుని సరిచేసిన మరణాల రేటుకూ, ఇంటర్నెట్ స్టార్లకూ ఏ సంబంధమూ కనబడలేదు. సగటు స్టార్లు మాత్రం 4.4 ఉన్నాయి. ఎక్కువమంది రోగులను కాపాడుతున్న సర్జన్‌నూ తక్కువమందిని కాపాడుతున్న సర్జన్‌నూ ఆ అంకె వేరు చేయలేకపోయింది.

2018లో లాస్ ఏంజిల్స్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్య సంస్థకు చెందిన 78 మంది స్పెషలిస్టులను ఐదు రేటింగు సంస్థల స్టార్లతో పోల్చిన అధ్యయనమూ ఇదే చెప్పింది. ఎనిమిది స్పెషాలిటీల్లో ఆసుపత్రి కొలిచిన నాణ్యత, ఖర్చు, తోటి డాక్టర్ల అంచనా, వీటిలో దేన్నీ స్టార్లు ముందుగా పట్టుకోలేకపోయాయి. రోగులు ఆ ఐదు సంస్థల్లో దేనిలో రాసినా ఫలితం మారలేదు.

సంతృప్తికీ ఆరోగ్యానికీ మధ్య దూరాన్ని 2012లో వచ్చిన ఇంకో పరిశీలన బయటపెట్టింది. అమెరికాలో 51,946 మంది పెద్దవారిని కొన్నేళ్లపాటు గమనించినప్పుడు, తమ డాక్టరు పట్ల అత్యంత సంతృప్తి చెందినవారు మందులకు ఎక్కువ ఖర్చు పెట్టారు, ఆసుపత్రుల్లో ఎక్కువగా చేరారు. చనిపోయే అవకాశం కూడా వారిలో 26 శాతం ఎక్కువగా కనబడింది. సంతృప్తి మనిషిని చంపుతుందని దీని అర్థం కాదు. సంతోషపెట్టడమూ నయం చేయడమూ ఒకటి కావని మాత్రం దీనితో రుజువైంది.

కోరింది ఇచ్చిన డాక్టరు, కోరింది ఇవ్వని డాక్టరు

స్టార్లు వైద్యాన్ని కొలవకపోవడం సగం నష్టమే. మిగతా సగం, అవి వైద్యాన్ని చెడు వైపు నెట్టడం. 2018లో అమెరికాలో ఫోను ద్వారా వైద్యం పొందిన 8,437 మంది జలుబు, గొంతునొప్పి రోగుల అభిప్రాయాలు లెక్కించారు. యాంటీబయాటిక్ రాసిన డాక్టర్లకు 90.9 శాతం మంది ఐదు స్టార్లు ఇచ్చారు. ఏ మందూ రాయని డాక్టర్లకు ఐదు స్టార్లు ఇచ్చినవారు 72.5 శాతం. జలుబు ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. వైద్యశాస్త్రం ప్రకారం సరిగా చేసినవాడికి స్టార్లు తగ్గాయి. ఇంగ్లండ్‌లో 7,800 వైద్య కేంద్రాల మీద 2016లో వచ్చిన అధ్యయనంలోనూ యాంటీబయాటిక్ వాడకం తక్కువున్న కేంద్రాల్లో రోగుల సంతృప్తి తక్కువగా ఉంది.

ఆంధ్రలో ఈ ఒత్తిడి అందరూ ఎరిగినదే. జ్వరానికి ఇంజెక్షన్ పెట్టాలి, నీరసానికి సెలైన్ ఎక్కించాలి, వెంటనే తగ్గాలి అన్నది పల్లెల్లో ఆర్‌ఎంపీల దగ్గర మొదలైన అలవాటు. ఒళ్లునొప్పులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే సాయంత్రానికి మనిషి లేచి తిరుగుతాడు, డాక్టరును మెచ్చుకుంటాడు. ఆ స్టెరాయిడే ఏళ్లు గడిచేసరికి ఎముకలనూ షుగరునూ పాడుచేస్తుంది. పారాసిటమాల్ రాసి, నీళ్లు బాగా తాగమని, మూడు రోజుల తర్వాత రమ్మని చెప్పిన డాక్టరు మీద "ఏమీ ఇవ్వలేదు" అన్న ఫిర్యాదు వస్తుంది. స్టార్ల భయం ఉన్న డాక్టరు చీటీ మీద అనవసర మందు చేరుస్తాడు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగి, చివరకు ఐసీయూలో పోరాడవలసింది మళ్లీ రోగులే.

కాన్పుల్లోనూ ఇదే కథ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రసవాల్లో సిజేరియన్లు 42.4 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ నిష్పత్తి ప్రభుత్వాసుపత్రుల కన్నా చాలా ఎక్కువ. పంతులు గారు పెట్టిన ముహూర్తానికి బిడ్డను తీసిన డాక్టరుకు కుటుంబమంతా కృతజ్ఞత చెబుతుంది. సహజ కాన్పు కోసం పన్నెండు గంటలు వేచి చూద్దామన్న డాక్టరు మీద విసుక్కుంటుంది. మొదటివారికి ఐదు స్టార్లు, రెండోవారికి మూడు పడితే ఆ అంకెలు కొలిచింది ముహూర్తం సాధించిన తృప్తిని, నొప్పుల గదిలో గడిపిన రాత్రిని.

స్టార్ల తరఫున వచ్చే వాదనలు

స్టార్లను సమర్థించేవారి వాదనల్లో బలమైనవి నాలుగు ఉన్నాయి. వాటికి జవాబు చెప్పాలి.

ఆసుపత్రుల స్థాయిలో ప్రజల రేటింగులకూ ఫలితాలకూ సంబంధం కనబడిందన్నది మొదటిది. ఇది నిజమే. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రుల విషయంలోనూ, అమెరికాలో యెల్ప్ రేటింగుల విషయంలోనూ మెచ్చుకోళ్లు ఎక్కువున్న ఆసుపత్రుల్లో కొన్ని రకాల మరణాలు తక్కువగా ఉన్నాయి. శుభ్రత, నర్సుల స్పందన, మందు సమయానికి అందడం వేలమంది రోగులకు కళ్ల ముందు కనిపిస్తాయి, అవి ఫలితాలను ప్రభావితం చేస్తాయి. ఒక పెద్ద సంస్థ గురించి వేలమంది చెప్పిన మాటకున్న బలం, ఒక డాక్టరు గురించి అరవైమంది చెప్పిన మాటకు లేదు. పైగా ఈ సంబంధం ఆసుపత్రిలో ఏం బాగు చేయాలో చెబుతుంది. ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మాటతీరు కూడా వైద్యంలో భాగమేనన్నది రెండో వాదన. ఇదీ ఒప్పుకోవలసిందే. రోగి మాట వినని డాక్టరు రోగాన్ని తప్పుగా పట్టుకుంటాడు. మందు ఎందుకో అర్థం కాని రోగి దాన్ని మధ్యలో ఆపేస్తాడు. క్షయ, బీపీ, షుగరు చికిత్సలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అయితే చక్కగా మాట్లాడడం, సరిగా వివరించడం రెండు వేరు పనులు. "చాలా ఫ్రెండ్లీ డాక్టర్" అన్న మెప్పులో రోగం గురించి రోగికి ఏం అర్థమైందో ఉండదు. ఓపీలో గంటకు ముప్పై మందిని చూడవలసిన ప్రభుత్వ డాక్టరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు అతని స్వభావం కాదు. ఖాళీగా ఉన్న పోస్టులకు, పెరిగిన రోగుల సంఖ్యకు అతను కట్టిన వెల అది. వ్యవస్థ లోపాన్ని వ్యక్తి గుణంగా చదవడం స్టార్ల వల్ల జరిగే పెద్ద తప్పుల్లో ఒకటి.

డాక్టర్లకున్న అధికారం ముందు రోగికి ఇదొక్కటే ఆయుధమన్నది మూడో వాదన. అవమానించినా, అక్కర్లేని పరీక్షలు రాసినా, బిల్లు పెంచినా రోగి ఎక్కడ చెప్పుకోవాలని అడగడం న్యాయమైన ప్రశ్న. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరికీ పూర్తి ఉచితంగా సేవ చేసే ఆసుపత్రులను ఆ పరిధి నుంచి మినహాయించింది. చట్టం డబ్బు కట్టినవాడిని వినియోగదారుగా గుర్తించింది. స్టార్లు కూడా మాట్లాడే శక్తిని డబ్బు కట్టినవాడికే ఇచ్చాయి. కేజీహెచ్ వరండాలో పడుకున్న రోగి బంధువుకు ఈ ఆయుధం అందలేదు. పైగా అసలైన నిర్లక్ష్యానికి ఒక స్టారు శిక్ష సరిపోదు. దానికి విచారణ, రికార్డుల పరిశీలన, బాధ్యత నిర్ణయించడం కావాలి. వైద్య మండలికి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసిన ఫిర్యాదు మూడు కోపపు వాక్యాలతో చల్లారిపోతే లాభపడేది నిర్లక్ష్యం చేసినవాడే.

పూర్వం కూడా జనం నోటిమాట మీదే డాక్టర్లను ఎంచుకున్నారు కదా అన్నది నాలుగో వాదన. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని చెప్పిన పక్కింటి పెద్దమ్మ ఎవరో వినేవారికి తెలుసు. ఆమెకు వచ్చిన రోగమేమిటో, ఎన్నాళ్లకు తగ్గిందో, ఎంత ఖర్చయిందో అడగవచ్చు. ఆమె అతిశయోక్తి ఎంతో కూడా అంచనా వేయవచ్చు. పేరు తెలియని ఖాతా నుంచి వచ్చిన ఐదు స్టార్లను ఏమీ అడగలేం.

వ్యాపారం, చట్టం

స్టార్లు వాటంతట అవే పోగవ్వవు. డిశ్చార్జి కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి, సంతోషంగా వెళుతున్నవారి చేత రాయించడం ఆసుపత్రి మార్కెటింగ్‌లో మామూలు పనిగా మారింది. శవాన్ని తీసుకెళుతున్న కుటుంబాన్ని ఎవరూ అడగరు. డిజిటల్ ప్రచారానికి సిబ్బందిని పెట్టుకోగల కార్పొరేటు ఆసుపత్రికీ, డాబాగార్డెన్స్‌లో ఒక్క కాంపౌండరుతో నడిచే పాత క్లినిక్కుకూ స్టార్ల పోటీ సమానంగా ఉండదు.

డాక్టరుకు జవాబు చెప్పుకునే వీలు కూడా తక్కువ. 2002 నాటి భారత వైద్య మండలి నైతిక నియమావళి రోగి రహస్యాన్ని బయటపెట్టకూడదంటుంది. "తప్పుడు మందు ఇచ్చాడు" అని రాసిన రోగికి, అతని రోగమేమిటో, తాను మానమన్నా మానని అలవాటు ఏమిటో చెబుతూ డాక్టరు జవాబు రాస్తే నియమం తప్పినట్టే. ఒక పక్షం మాత్రమే మాట్లాడగల వివాదం నుంచి వచ్చిన అంకెను తీర్పుగా తీసుకోవడం న్యాయం కాదు.

అదే నియమావళి డాక్టర్లు ప్రకటనలతో రోగులను ఆకర్షించడాన్ని తప్పు పట్టింది. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో ప్రకటించిన కొత్త నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. సోషల్ మీడియాలో రోగుల చేత మెప్పులు, రివ్యూలు అడిగి పెట్టించుకోవడం, లైకులు కొనుక్కోవడం, డబ్బు కట్టి వెతుకులాటలో పైకి రావడం వద్దన్నాయి. ఆ నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది. రాసినవారు నిజమైనవారో కాదో సరిచూడాలని, రివ్యూలను పక్షపాతం లేకుండా నిర్వహించాలని అది చెబుతుంది. దాన్ని పాటించడం మాత్రం సంస్థల ఇష్టానికి వదిలేశారు. హోటలు గదికీ గుండె ఆపరేషన్‌కూ ఒకే వెసులుబాటు తగదు. వైద్యానికి సంబంధించిన రేటింగుల విషయంలోనైనా ఈ ప్రమాణాన్ని తప్పనిసరి చేయాలి.

స్టార్ల బదులు చూడవలసినవి

స్టార్లను నమ్మవద్దంటే రోగి దేన్ని నమ్మాలన్న ప్రశ్నకు జవాబు ఉంది. డాక్టరు రిజిస్ట్రేషన్, డిగ్రీలు రాష్ట్ర వైద్య మండలి, జాతీయ వైద్య కమిషన్ రిజిస్టర్లలో సరిచూసుకోవచ్చు. బోర్డు మీద రాసుకున్న డిగ్రీ నిజమో కాదో తేలితే సగం ప్రమాదం తప్పుతుంది. ఆపరేషన్ అయితే ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఇక్కడ ఐసీయూ, రక్తం, అనెస్తీషియా డాక్టరు రాత్రిపూట అందుబాటులో ఉంటారా, ఆపరేషన్ లేకుండా వేరే దారి ఉందా అని నేరుగా అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే డాక్టరు మీద పెట్టిన నమ్మకానికి ఆధారం ఉంటుంది. పెద్ద నిర్ణయాల ముందు రెండో డాక్టరు సలహా తీసుకోవాలి.

ఈ భారమంతా రోగి మీద మోపడం కూడా సరికాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు దగ్గర వేల శస్త్రచికిత్సల వివరాలు కేసువారీగా ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్ ఎన్ని జరిగాయి, ఎంతమంది తిరిగి చేరారు, ఎంతమంది మరణించారు అన్న లెక్కను, రోగుల తీవ్రతకు తగ్గట్టు సరిచేసి ప్రకటించవచ్చు. ఆ సరిదిద్దడం తప్పనిసరి. అది లేకపోతే కఠినమైన కేసులు తీసుకునే కేజీహెచ్ వంటి ఆసుపత్రి లెక్కల్లో చెడ్డదిగా కనబడుతుంది, బరువైన రోగులను తిప్పి పంపేవారు మంచివారిగా కనబడతారు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రంలో 2002 నుంచే చట్టం ఉంది. దాని కింద సిజేరియన్ల శాతాన్ని, ఆపరేషన్ తర్వాతి ఇన్ఫెక్షన్ల సంఖ్యను గోడ మీద రాయించవచ్చు.

రోగి గొంతు వినే పద్ధతీ మారాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మొదలుపెట్టిన మేరా అస్పతాల్ కార్యక్రమంలో ఆసుపత్రికి వచ్చినవారికే ఎస్ఎంఎస్, ఫోను ద్వారా ప్రశ్నలు పంపుతారు. రాయాలనిపించినవారు రాసేదానికీ, వచ్చినవారిని వరుసగా అడిగేదానికీ చాలా తేడా ఉంది. అలాంటి ప్రశ్నలు తెలుగులో, ఒడియాలో, చదువు రానివారికి మాట రూపంలో వెళ్లాలి. డాక్టరు నచ్చాడా అని కాకుండా, రోగమేమిటో చెప్పాడా, మందు ఎన్నాళ్లు వాడాలో అర్థమైందా, పరీక్ష ఎందుకో వివరించాడా, లంచం ఎవరైనా అడిగారా అని అడగాలి. జవాబులు ఆసుపత్రిని బాగుచేయడానికి వాడాలి. ఒక్కో డాక్టరు మీద బహిరంగంగా అంకె వేయడానికి వాటిని వాడకూడదు. యాజమాన్యాలు డాక్టర్ల జీతాన్నీ పదోన్నతినీ గూగుల్ స్టార్లతో ముడిపెట్టడం మానాలి.

డాక్టరు వయసు, లింగం, యాస, నవ్వు, క్లినిక్కు ఏసీ, రాసినవారి కోపతాపాలు కలిసి తయారైన అంకె 4.8. అందులో ప్రాణం నిలిపే నైపుణ్యానికి విడిగా చోటు లేదు. ఉన్న సాక్ష్యమంతా ఇదే చెబుతోంది. ఆ అంకెను డాక్టరు యోగ్యతగా చూపే సంస్థలు రోగులను తప్పుదారి పట్టిస్తున్నాయి. దాన్ని పక్కనపెట్టి, ఫలితాల లెక్కలను బయటపెట్టమని ప్రభుత్వాన్నీ ఆసుపత్రులనూ నిలదీయడమే విశాఖ రోగులకు మేలు చేసే పని.